విమాన పరిచారకుల యోగ్యతాపత్రము

విమానమున పరిచర్య చేయు యువతీయువకులను జూచి, చిఱునవ్వుతో ఫలహారము లందించుటయే వీరి యుద్యోగమని మనవారిలో పెక్కురు తలంచుచున్నారు. అంతియే యైనచో, సుమారు 50 ఆసనములకు ఒక్కరి చొప్పున వీరుండి తీరవలెనని శాసన మేల?

2024 జనవరి 2వ తేదీ సాయంకాలము టోక్యోలోని హనెడా విమానాశ్రయమున జరిగిన సంగతిని పాఠకులు జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. సప్పోరోనుండి వచ్చిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమానము నేల దిగుచు, దారిపై నిలిచియున్న తీరరక్షకదళపు చిన్నవిమానమును ఢీకొని మంటలలో జిక్కెను. చిన్నవిమానములోని ఆర్గురిలో ఐదుగురు మృతినొందిరి. పెద్దవిమానమున ప్రయాణికులు 367, సిబ్బంది 12, వెరసి 379 మంది. అందఱును బ్రతికి బయటపడిరి! లోపల ప్రకటనలు వినిపించు యంత్రము చెడిపోయెను. పరిచారకులు తొమ్మండ్రు మెగాఫోనుతోను, గొంతెత్తిన కేకలతోను జనమును నడిపించిరి. ఎనిమిది ద్వారములలో మూడే వాడదగి యుండెను. వెనుకనున్న పరిచారకులకు చోదకులతో మాటలాడు వీలు లేకపోగా, వెలుపలి మంటలను పరికించి స్వనిర్ణయముతోనే తలుపు తెఱచిరి. మంటలవైపు తలుపే తెఱచియుండినచో! తలంచుటకే భయమగుచున్నది. దీనిని లోకము అద్భుతమనెను. మాకు అభ్యాసఫలమని తోచుచున్నది.

బరువైన తలుపును స్వహస్తములతో తెఱచుట, పొగలో నగ్ని నార్పుట, నీటిపై దిగినపుడు జనమును తెప్ప లెక్కించుట, ప్రథమచికిత్స, ఇవి యెల్ల నేర్చి పరీక్షలో నెగ్గవలెను. పిమ్మటను మరల మరల పరీక్షకు నిలువవలెను. ఒక జాతి విమానమునకై నేర్చినది వేఱొక జాతికి చాలదు. అమెరికాలో 2003 నాటి శాసనముచే ప్రభుత్వమువారే వీరికి యోగ్యతాపత్రము లిచ్చుచున్నారు.

ఇక మన పట్టణముల సంగతి. హైదరాబాదు మొదలుకొని పెక్కుచోట్ల ఎయిర్‌హోస్టెస్ శిక్షణాలయముల పలకలు వ్రేలాడుచున్నవి. నడకయు, అలంకారమును, ఇంగ్లీషు సంభాషణయు నేర్పుదురు, మంచిదే. కాని వారిచ్చు పత్రము మాత్రముచేత ఎవ్వరును విమానమున విధి నిర్వహింపజాలరు. ఉద్యోగమిచ్చిన విమానసంస్థ, పౌరవిమానయాన డైరెక్టరేటువా రామోదించిన క్రమమున శిక్షణమిచ్చి పరీక్షించిన పిమ్మటనే ఆ యర్హత లభించును. న్యాయశాస్త్రపట్టము చేతనున్నను పేరు నమోదు కానిదే మావంటివారు న్యాయస్థానమున వాదింపజాలము గదా! ఈ భేదమును ప్రకటనలలో పెద్దయక్షరములతో వ్రాయవలెనని ప్రభుత్వము నిర్బంధింపవలెను. అంతవఱకు, అప్పుచేసి రుసుము గట్టబోవు తలిదండ్రులు ముందుగా ఆ శిక్షణాలయమువారి నడుగవలసిన ప్రశ్న యొక్కటే: మీ పత్రముతో మా బిడ్డ ఏ విమానమున ఏ ద్వారమువద్ద నిలువగలదు?