జీడితోటలలో వయ్యారిభామ

పలాసనుండి టెక్కలికి పోవు రహదారి కిరువైపుల, వానకాలమున, చిన్న తెల్లపూలతో నడుమెత్తున నిలిచి యూగులాడు మొక్కను చూడనివారు లేరు. గమనించినవారు మాత్రము తక్కువ. ఇదియే వయ్యారిభామ. జనులు దీనిని కాంగ్రెసుగడ్డి యనియు పిలుతురు. స్వరాజ్యముకొరకు చెరసాలల కేగినవారి సంస్థపేరు, పశువులు సైతము మూతి త్రిప్పుకొను కలుపున కంటుట విధివిలాసము గాక మఱేమి! వృక్షశాస్త్రరీత్యా ఇది గడ్డియే కాదు, చామంతికి చుట్టము.

దీని పుట్టినిల్లు అమెరికాఖండము. 1955 ప్రాంతమున పూనా నగరమున కనబడినది మొదలు దేశమంతట క్రమ్ముకొన్నది. దిగుమతి గోధుమలతో వచ్చినదని జనశ్రుతి; అంతకు బూర్వమే యిచ్చట నుండెనను పండితులును గలరు.

బాటప్రక్క నున్నంతకాలము దీని నుపేక్షించితిమి. తోటలలో నడుగిడిన సంగతి వేరు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానమునందలి కొబ్బరిచెట్లను, జీడిచెట్లను లెక్కకు మిక్కిలిగా నేలగూల్చినది. దట్టమైన నీడలో నీ మొక్క బలియదు. నీడ తొలగి యెండ తగిలిన నేలయే దీనికి కావలయును. తిరిగి నాటిన లేతతోటల కిది గొప్ప శత్రువు. జీడిపిక్కలు పండి నేలరాలగా స్త్రీలు వంగి యేరుదురు గదా. ఈ మొక్క సోకినచో చర్మము దద్దురులెక్కి పుండ్లగును. పుప్పొడి యుబ్బసమును రేపును. పలాస కర్మాగారములలో జీడిరసమునకు చేతులు పొక్కించుకొను కూలిజనమునకు తోటలో నీ బాధ యేల?

గుర్తించుట కష్టము కాదు. లేతదశలో ఆకులు నేలనంటి చక్రమువలె పరచుకొనును. అటుపిమ్మట చాళ్లు దేరిన నూగుకాడ లేచి, మిరియపుగింజయంత తెల్లపూలు గుత్తులుగా పూయును. ఆకు మాచిపత్రిని పోలియుండును గనుక వినాయకచవితికి పత్రి యేరు బాలురు మోసపోవచ్చును. మాచిపత్రి నలిపిన సువాసన వేయును, ఆకు అడుగు తెల్లగా నుండును. దీని కా గుణములు లేవు.

మొలచిన నెల, నెలన్నరలోనే యిది పూతకు వచ్చును. ఒక్క మొక్క పదివేలకు మించి గింజలు రాల్పగలదు; అవి నీటివెంట, బండిచక్రముల బురదవెంట ఊరూరు తిరుగును. కావున పూయకమున్నే, నేల తడిగా నున్నపుడే, చేతులకు తొడుగులు వేసికొని వేరుతో పెరుకవలయును. కొడవలితో కోసిన మొదలునుండి మరల చిగుర్చును. పూయనిదానిని ఎరువుగుంటలో వేయవచ్చును, పూచినదానిని వేయరాదు.

మెక్సికోనుండి 1984లో బెంగుళూరునకు తెచ్చిన పెంకుపురుగు దీని యాకులను తినును. అయితే అది వానకాలపు పనివాడు. వేసవిలో మన్నులో దూరి నిద్రించును. దానినే నమ్మి కూర్చుండరాదు.

మందు చల్లినచో పని సులువగునని వ్యాపారులు చెప్పుదురు. మే మంగీకరింపజాలము. ఉద్దానము మూత్రపిండవ్యాధితో దశాబ్దులుగా కుములుచున్నది. 2023 డిసెంబరులో పలాసయందు దీనికై ప్రత్యేక వైద్యశాలయు పరిశోధనకేంద్రమును వెలసినవి. వ్యాధికి మూలకారణ మింకను నిశ్చయముగ తేలలేదు. మందులే కారణమని మేమనము. కాని కారణము తెలియని రోగము గల చోట, నీరు సులువుగ నింకు ఇసుకనేలలో మఱియొక విషము పోయుట యే వివేకము?

చిక్కు మఱియొకటి గలదు. ఒకడు తన తోట శుభ్రపరచి, పొరుగువాడు మిన్నకున్నచో ఆ శ్రమ బూడిదలో పోసినదే. తోటను కౌలున కిచ్చి విశాఖపట్టణమున కాపురముండు భూస్వాములు ఈ మాట వినవలయును. కలుపుతీత భారమును కౌలుదారునిపై త్రోయుట న్యాయము గాదు. నేల వారిది, చెట్టు వారిది. బాటప్రక్క భాగము పంచాయతీల వంతు. శ్రావణము ముగియులోపల ఊరంతయు నొక్క వారమున పూనుకొనిన చాలును. ఆ కూలి భూస్వామియే చెల్లింపవలయును. చేతితొడుగుల వెలను మాత్రము కూలిలోనుండి కోయరాదు.