టిక్కెట్టు ఎవరి చేతిలో?

స్మార్ట్ నగరాలంటే మన పాఠకులకు విశాఖపట్నం, కాకినాడ స్ఫురించడం సహజమే. 2015 జూన్ 25న ప్రారంభమైన కేంద్ర పథకం ఎంపిక చేసిన వంద నగరాలలో ఆ రెండూ ఉన్నాయి. ఖరగ్‌పూర్ లేదు. అయినప్పటికీ నగర ప్రయాణంలో సెల్‌ఫోను తెచ్చిన మార్పును పరిశీలించడానికి అక్కడి ఇందా ప్రాంతమే తగినదని మాకు తోచింది. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుండి తెలుగువారు స్థిరపడిన పట్టణమది. తండ్రి రైల్వేలో పదవీ విరమణ చేసి అక్కడే ఉండగా, కుమారుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కుటుంబాన్ని ఊహించుకోవడం కష్టం కాదు.

ఇందా నుండి స్టేషనుకు టోటో చాలు. చేయి ఎత్తితే ఆగుతుంది. చిక్కంతా ఆ తరువాతనే. తండ్రి దూరప్రయాణానికి కుమారుడు హైదరాబాదులోనే రిజర్వేషను చేసి, వివరాలు ఫోనులో చెప్పవచ్చు. సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని హౌరాకు లోకల్ రైలులో వెళ్లాలంటే మాత్రం ఆ సౌకర్యం లేదు. 2014లో ముంబయిలో యూటీఎస్ యాప్‌తో మొదలైన మొబైల్ టిక్కెట్లలో కాగితరహిత రకం ఏ ఫోనులో కొన్నారో ఆ ఫోనులోనే ఉంటుంది; మరొక ఫోనుకు పంపడానికి వీలులేదు. ముద్రించుకునే పద్ధతి ఉన్నది గాని, దానికీ కిటికీ వద్దకో యంత్రం వద్దకో వెళ్లవలసినదే.

ఈ నిబంధనను మేము తప్పుపట్టడం లేదు. పంపే వీలుంటే ఒకే టిక్కెట్టుపై పదిమంది ప్రయాణించగలరు. (మనవారి తెలివితేటలు తెలియనివా!) అయితే భద్రతకై చేసిన ఏర్పాటు, స్మార్ట్ ఫోను లేని పెద్దలను వరుసలోనే నిలబెడుతున్నది.

అన్ని వాహనాలకూ ఒకే యాప్ అన్న ఆలోచనతో ఫిన్లండులోని హెల్సింకిలో 2016లో వచ్చిన ‘విమ్’ ఎంతో పేరు పొందింది. దానిని నడిపిన సంస్థ 2024లో దివాలా తీసింది. యాప్‌నే నమ్ముకున్న ప్రయాణికుడు అటువంటప్పుడు ఏమి చేయాలి?

మా మొగ్గు కార్డువైపే. 2019 మార్చి 4న మన దేశంలో జాతీయ కామన్ మొబిలిటీ కార్డు విడుదలైంది. మెట్రోలో, బస్సులో ఒకే కార్డు చెల్లాలన్నది దాని ఉద్దేశం. హౌరాలో దిగిన మన పెద్దాయన, 2024 మార్చిలో ప్రారంభమైన గంగ క్రింది మెట్రో ఎక్కడానికి ఫోను తెరవనక్కరలేదు. కోల్‌కతా మెట్రో స్మార్ట్ కార్డు జేబులో ఉంటే చాలు. హౌరా లోకల్‌ ఎక్కడానికీ అటువంటి కార్డే చెల్లే రోజు వచ్చేవరకు, ఖరగ్‌పూర్‌లో టిక్కెట్టు కిటికీ ఒక్కటి కూడా తగ్గరాదు.