నేలబారు రోజ్‌మేరీని డెల్టాలో ఎచట నాటవలెను?

విజయవాడలోను, చుట్టుపట్ల ఊళ్ళలోను పెరటితోటలయందు మక్కువగల వారు కొందరు రోజ్‌మేరీ మొక్కలు తెచ్చి నాటుచున్నారు. వీరిలో పలువురు నిటారుగా పెరుగు రకములకంటె నేలపై ప్రాకు రకములనే కోరుచున్నారు. మొక్క చచ్చిన పిమ్మట “మన ఎండలకు ఇది తాళదు” అని విడిచిపెట్టుచున్నారు. ఈ తీర్పు సరియైనది కాదని నా అభిప్రాయము. మన డెల్టాలో రోజ్‌మేరీకి ఎండకంటె పెద్ద శత్రువు వేళ్ళవద్ద నిలుచు నీరు.

రోజ్‌మేరీ మన తులసి, పుదీనా, మరువముల కుటుంబములోనిదే. శాస్త్రజ్ఞులు 2017లో దీనిని సాల్వియా ప్రజాతిలో చేర్చిరి. దీని పుట్టిల్లు మధ్యధరా సముద్రతీరము. అచ్చట వేసవి పొడిగా నుండును. వానలు చలికాలమున కురియును. వేడియు తడియు ఒక్కమారు రావు. మనకు జూను మొదలు నవంబరు వరకు ఉక్కతో కూడిన వానలు. అదిగాక డెల్టాలో ఎక్కువ భాగము నీటిని పట్టియుంచు బంకనేల. వరికి మేలైన ఈ గుణమే రోజ్‌మేరీకి కీడు. గాలి అందక వేళ్ళు కుళ్ళును, ఆకులు వాడును. దానిని చూచి నీరు చాలలేదనుకొని మరింత పోయుదురు. అంతటితో మొక్క ముగియును.

ప్రోస్ట్రాటస్, హంటింగ్టన్ కార్పెట్ వంటి నేలబారు రకములకు ఈ చిక్కు మరింత హెచ్చు. ఇవి అడుగు, రెండడుగులకు మించి సాధారణముగా లేవవు. పక్కలకు మూడు నాలుగడుగులు ప్రాకును. బల్లపరుపు నేలలో నాటినచో కొమ్మలు తడిమన్ను నంటియుండి, వాటి క్రింద గాలి ఆడదు. అదే మొక్కను ఎత్తైన గోడ అంచున నాటినచో కొమ్మలు క్రిందికి జారి, గాలికి ఆరుచు, చూపునకు ఇంపుగా నుండును. కనుక మన ప్రాంతమున దీనిని నేలపై ప్రాకించుట కాదు, మెరకనుండి వ్రేలాడనిచ్చుట మేలు.

ఒకటిన్నర అడుగుల ఎత్తున ఇటుకలతో మడి కట్టవచ్చును. లేదా అడుగున చిల్లులుగల తొట్టి వాడవచ్చును. ముతక ఇసుక రెండు పాళ్ళు, తోటమన్ను ఒక పాలు, బాగుగా చివికిన ఆకుఎరువు ఒక పాలు కలిపి నింపవలెను. వానలు వెనుకబట్టిన పిదప నవంబరు చివరనో, డిసెంబరులోనో నాటినచో చలికాలమంతయు వేరు తన్నుటకు దొరకును. పైమన్ను రెండంగుళముల లోతున ఆరిన పిమ్మటనే నీరు పోయవలెను. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నపు నీడయు, ముసురులో చూరు క్రింద చోటును కల్పించవలెను. యూరియా, పశువుల ఎరువు మితిమీరినచో కొమ్మ మెత్తబడి తెగుళ్ళకు లోనగును. కత్తిరించునపుడు ఆకులున్న భాగమునే కత్తిరించవలెను. ఆకులేని ముదురు కొమ్మ మరల చిగుర్చుట అరుదు.

బాపట్ల, మచిలీపట్నముల వైపు సముద్రతీరపు ఇసుకనేలలు గలవారికి ఈ శ్రమ కొంత తగ్గును. నీరు ఊరని మెరక చోటు చూచుకొనిన చాలును. సముద్రపు గాలి ఈ మొక్కకు క్రొత్త కాదు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. పాఠశాల, పంచాయతీ కార్యాలయముల ఆవరణలలో పల్లపు మడులయందు పదుల కొలది రోజ్‌మేరీ మొక్కలు నాటించుట ప్రజాధనమును నీటిపాలు చేయుటయే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలలో దినముల తరబడి నిలిచినది మరువరాదు. అట్టి చోట్లకు సరస్వతి ఆకు, పొన్నగంటి కూర తగినవి. అవియు నేలను ప్రాకునవే, తడిని ఓర్చునవే. పైపెచ్చు కూరకు, పచ్చడికి పనికివచ్చును. సువాసన కోరువారికి తేమగల చోట పుదీనా ఉండనే ఉన్నది.

క్రొత్త మొక్కను వద్దనుట నా ఉద్దేశము కాదు. ముందుగా ఒక్క మొక్కను మెరకన నాటి చూడుడు. అది రెండు వానకాలములు దాటినచో, నాలుగైదంగుళముల లేతకొమ్మలు త్రుంచి, అడుగు ఆకులు దూసి, నీడలో తడి ఇసుకయందు గ్రుచ్చుడు. ఒకటి రెండు నెలలలో వేళ్ళు పుట్టును. అప్పుడు మీ తోటకేగాక ఇరుగుపొరుగులకును పంచవచ్చును. మన నేలలో నిలిచి చూపిన మొక్కనుండి తీసిన కొమ్మ, కొనితెచ్చిన పది మొక్కలకంటె నమ్మదగినది.