ఐపీతో తీరేది అప్పు కాదు.. పోయేది పరపతి

నరసరావుపేట: ఫలానా వ్యాపారి ఐపీ పెట్టాడన్న మాట వినగానే అతనికి మిర్చి, పత్తి అరువుకిచ్చిన రైతుకు, ప్రామిసరీ నోటుపై సొమ్మిచ్చిన విశ్రాంత ఉద్యోగికి కంటిమీద కునుకు కరవవుతుంది. కోర్టుకెక్కితే బాకీలన్నీ మాఫీ అవుతాయని అప్పు తీసుకున్నవారు, ఇచ్చిన సొమ్ముకు నీళ్లు వదులుకోవాల్సిందేనని రుణదాతలు భావించడం పరిపాటి. చట్టాన్ని పరిశీలిస్తే ఈ రెండూ పూర్తి వాస్తవాలు కావు.

నూరేళ్లనాటి చట్టం

ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం దీనికి ఆధారం. రూ.500, అంతకు మించి బాకీలుండి తీర్చలేని స్థితిలో ఉన్నవారు పిటిషన్ వేయవచ్చు. 2016లో పార్లమెంటు ఆమోదించిన దివాలా స్మృతిలో వ్యక్తుల కోసం ప్రత్యేక భాగం ఉంది. అయితే కంపెనీల రుణాలకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికే 2019 డిసెంబరు 1 నుంచి అది వర్తిస్తోంది. చిన్న వ్యాపారి, రైతు, ఉద్యోగికి పాత చట్టమే దిక్కు.

పిటిషన్‌తో మాఫీ కాదు

పిటిషన్ దాఖలు చేసినంత మాత్రాన అప్పు రద్దు కాదు. కోర్టు దివాలాదారుగా ప్రకటించాక అతని ఆస్తి కోర్టు లేదా రిసీవరు అధీనంలోకి వెళుతుంది. దానిని విక్రయించగా వచ్చిన మొత్తాన్ని రుణదాతలకు దామాషా పద్ధతిలో పంచుతారు. ఆపై కోర్టు విముక్తి ఉత్తర్వు ఇస్తేనే మిగిలిన బాకీల నుంచి బయటపడతారు. ఆస్తుల విలువ హామీ లేని బాకీల్లో రూపాయికి 50 పైసలైనా లేకపోతే, అందుకు తాను బాధ్యుడిని కానని నిరూపించుకోనిదే పూర్తి విముక్తి లభించదు. ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన అప్పులు విముక్తి తరువాతా మిగిలే ఉంటాయి. ఇల్లు, పొలం తనఖా పెట్టుకున్న బ్యాంకు హక్కుకు ఐపీ అడ్డురాదు. హామీ సంతకం చేసిన బంధుమిత్రులకూ ఊరట ఉండదు.

కొత్త అప్పు పుట్టదు

విముక్తి పొందని దివాలాదారు ఆ సంగతి చెప్పకుండా రూ.50 అప్పు తీసుకున్నా ఆరు నెలల వరకు జైలుశిక్ష పడే అవకాశముంది. బ్యాంకు రుణ వాయిదాలు తప్పిన వివరాలు సిబిల్ వంటి సంస్థలకు చేరతాయి. 300 నుంచి 900 మధ్య ఇచ్చే స్కోరు పడిపోతుంది. బాకీని బ్యాంకు రద్దుపద్దులో వేసినా, కొంత చెల్లించి సెటిల్ చేసుకున్నా ఆ ముద్ర ఏళ్ల తరబడి నివేదికలో ఉంటుంది. గృహరుణానికో, పిల్లల చదువు రుణానికో వెళ్లినప్పుడు అదే అడ్డుగోడ అవుతుంది. హామీదారుల పరపతీ దెబ్బతింటుంది. చేబదుళ్లు, నోటు అప్పులు ఈ నివేదికల్లోకి ఎక్కవు. కానీ నమ్మకంపై నడిచే మార్కెట్‌లో ఒకసారి ఐపీ పెట్టినవారికి అరువు పుట్టడం గగనమే.

రుణదాతలూ మేలుకోవాలి

కోర్టు నోటీసు అందుకుని మిన్నకుంటే నష్టపోయేది రుణదాతలే. న్యాయవాది ద్వారా హాజరై నోట్లు, ఖాతా పుస్తకాలతో బాకీని నిరూపించుకోవాలి. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా కుటుంబసభ్యుల పేర రాసిన ఆస్తుల బదిలీని రిసీవరు ద్వారా రద్దు చేయించే వీలుంది. మోసపూరితంగా లెక్కలు తారుమారు చేసినా, ఆస్తులు దాచినా ఏడాది వరకు జైలుశిక్ష విధించవచ్చు.

నిజంగా చితికిపోయినవారికి ఐపీ చివరి ఆసరా. అంతకుముందే బ్యాంకుతో వాయిదాల సవరణకు ప్రయత్నించడం, లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవడం మేలు. దివాలా స్మృతిలోని వ్యక్తుల భాగాన్ని సామాన్యులకూ వర్తింపజేయనంతకాలం నిజాయతీపరుడైన బాకీదారు, ఎగవేతదారు ఒకే గాటన నిలవక తప్పదు. ఆ భారం మాత్రం నమ్మి అరువిచ్చిన రైతుపైనే పడుతోంది.