మేకలు ఇస్తే సరిపోదు: జీవనోపాధి పథకాలు నేర్పిన పాఠాలు

రంజాన్ నెల వస్తే బస్తీల్లో కుట్టుమిషన్లు, తోపుడు బండ్లు పంచడం మామూలే. జకాత్ సొమ్ముతో కమిటీలు ఇస్తాయి. మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ ద్వారా ప్రభుత్వమూ ఇస్తుంది. ఫొటోలు దిగుతారు, పేపర్లో వార్త వస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఆ మిషన్ నడుస్తోందా, అమ్ముడుపోయిందా, మంచం కింద మూలన పడి ఉందా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ఈ ప్రశ్నను గట్టిగా వేసుకున్న సంస్థల్లో బంగ్లాదేశ్‌కు చెందిన బ్రాక్ ఒకటి. ఊళ్లలో చిన్న అప్పులు ఇస్తూ ఇస్తూ ఆ సంస్థ ఒక సంగతి గమనించింది. అందరికంటే పేదలైన ఆడవాళ్ల దాకా ఆ అప్పులు చేరడమే లేదు. పూట గడవని ఇంట్లో వాయిదా కట్టడం అయ్యే పని కాదు. వాళ్ల కోసమే 2002లో వేరే పథకం పెట్టింది. అందులో ఇచ్చేది అప్పు కాదు. ఆవో, మేకలో, చిన్న వ్యాపారానికి సరుకో ఉచితంగా ఇస్తారు. అది సంపాదించి పెట్టేదాకా తిండి ఖర్చుకు కొంత డబ్బు, పనిలో శిక్షణ, పొదుపు అలవాటు, వైద్యం విషయంలో సాయం, వారం వారం ఇంటికొచ్చి మంచిచెడ్డలు చూసే ఒక మనిషి కూడా ఉంటారు. ఇదంతా సుమారు రెండేళ్లు. దీనికే గ్రాడ్యుయేషన్ విధానం అని పేరు.

ఇది బయటి దేశాల్లోనూ పనిచేస్తుందా అని ఇథియోపియా, ఘనా, హోండురస్, ఇండియా, పాకిస్తాన్, పెరూలలో పరిశీలించారు. పదివేలకు పైగా పేద కుటుంబాల మీద జరిగిన ఈ అధ్యయనం 2015లో సైన్స్ పత్రికలో వచ్చింది. రాసినవారిలో తర్వాత 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. మొత్తం మీద చూస్తే, పథకం ముగిసిన ఏడాది తర్వాత కూడా ఆ ఇళ్లలో తిండి, ఆస్తి, ఆదాయం మెరుగ్గానే ఉన్నాయి.

ఘనాలో ఇంకో మెట్టు ముందుకెళ్లారు. కొన్ని కుటుంబాలకు పథకం మొత్తం ఇచ్చి, మరికొన్నింటికి మేకలు మాత్రమే ఇచ్చి చూశారు. పూర్తి పథకం అందిన ఇళ్లకు వచ్చినంత నిలకడైన మేలు ఒట్టి మేకలు అందిన ఇళ్లకు రాలేదు. ఒట్టి కుట్టుమిషన్ ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్లు ఆలోచించాల్సింది ఇక్కడే. దారం, లైనింగ్ గుడ్డ కొనడానికి చేతిలో డబ్బు ఉండాలి. మొదటి నెలల్లో గిరాకీ లేకపోయినా ఇల్లు గడవాలి. వ్యాపార భాషలో చెప్పాలంటే మిషన్ ఉంది, వర్కింగ్ క్యాపిటల్ లేదు. పిల్లాడికి జ్వరమొచ్చిన రోజు ఆ ఇంట్లో అమ్ముడుపోయే మొదటి వస్తువు ఆ మిషనే.

మన దేశానికి సంబంధించిన ఆశాజనకమైన కథ పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్‌ది. ముస్లింలు ఎక్కువగా ఉండే ఈ జిల్లాలో బంధన్ సంస్థ ఇదే విధానాన్ని అమలు చేసింది. పదేళ్ల తర్వాత వెళ్లి చూస్తే సాయం అందిన కుటుంబాల ఖర్చు, ఆదాయం, ఆరోగ్యం అందని వాళ్లకంటే మెరుగ్గా ఉన్నాయి. దీనికి ఒక పెద్ద కారణం, వాళ్లు పశువుల దగ్గరే ఆగిపోకపోవడం. ఇంటివాళ్లు వలస వెళ్లి మెరుగైన కూలి దొరికే పనులు పట్టుకోగలిగారు. మేక గమ్యం కాలేదు, నిలబడటానికి మొదటి మెట్టయింది.

ఇదే విధానం తెలుగు నేల మీద తేలిపోయింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని మెదక్ జిల్లాలో ఎస్‌కేఎస్ స్వచ్ఛంద సంస్థ నడిపిన పథకం వల్ల నికరంగా పెద్ద లాభం కనిపించలేదని 2015లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఆ రోజుల్లో అక్కడ వ్యవసాయ కూలి పెరుగుతోంది. పశువులు తీసుకున్న ఆడవాళ్లు వాటి పనిలో పడి కూలికి వెళ్లడం తగ్గించారు. ఒక చేత్తో వచ్చింది ఇంకో చేత్తో పోయింది. హోండురస్‌లోనైతే ఇచ్చిన కోళ్లు చాలావరకు రోగాలతో చచ్చిపోయాయి. ఇచ్చేవాళ్లకు వీలైన వస్తువు ఇస్తే ఇలాగే ఉంటుంది. తీసుకునే మనిషి ఇప్పుడు దేని మీద బతుకుతోంది, కొత్త పని వల్ల పాత ఆదాయం ఎంత పోతుంది అన్న లెక్క ముందే వేయాలి. గల్లీలో ఇప్పటికే పది మిషన్లు ఉంటే పదకొండోది ఎవరి బట్టలు కుడుతుంది?

ప్రభుత్వాలు ఈ పాఠాలు నేర్చుకోలేవని కాదు. బీహార్ 2018లో సతత్ జీవికోపార్జన్ యోజన పేరుతో ఇలాంటి పథకమే మొదలుపెట్టింది. మద్యనిషేధంతో సారా, కల్లు అమ్మకం పోగొట్టుకున్న కుటుంబాలనూ, కడు పేదలనూ అందులో చేర్చింది.

అడ్డొచ్చేది డబ్బు లెక్క. తిండి ఖర్చు, శిక్షణ, ఇంటికెళ్లే మనిషి జీతం అన్నీ కలిపితే ఒక్కో కుటుంబానికి ఖర్చు బాగా పెరుగుతుంది. ఉన్న సొమ్ముతో నలభై ఇళ్లకు బదులు పదిహేను ఇళ్లకే సాయం అందుతుందనుకుంటే, మిగతా ఇరవై అయిదు ఇళ్లకు ఈ ఏడాది కాదని చెప్పాలి. వితంతువుకు లేదని చెప్పడం ఏ కమిటీకీ తేలిక కాదు. అందుకే అందరికీ తలా కొంత పంచేయడం సులువుగా కనిపిస్తుంది.

పూర్తి పథకం నడిపే స్తోమత చిన్న కమిటీలకు ఉండకపోవచ్చు. కానీ కొన్ని పనులకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఏ పని కావాలో ఆ ఇంటి మనిషినే అడగడం, మిషన్‌తో పాటు మూడు నెలల రేషన్ ఇవ్వడం, లెక్కలు వచ్చిన కాలేజీ పిల్లలను వారానికోసారి పంపడం, ఏడాది తర్వాత ఎన్ని మిషన్లు నడుస్తున్నాయో లెక్క తీసి చందా ఇచ్చినవాళ్ల ముందు పెట్టడం. లెక్క తక్కువ వచ్చినా దాచకూడదు. మెదక్‌లో ఏం తప్పిందో ఇవాళ తెలుస్తోందంటే, అప్పుడు ఎవరో ఆ లెక్క తీసి బయటపెట్టబట్టే.