టెల్లూరియం నిల్వలు: ఒక్క కొనుగోలుదారు ఉన్న బజారు

పలుచని పొర సౌరఫలకాల మీద పనిచేసే చిన్న కంపెనీ ఏదైనా ముందడుగు వేసిందన్న వార్త రాగానే అరుదైన లోహాల బజారులో వాకబులు మొదలవుతాయి. టెల్లూరియం ఎంత పలుకుతున్నది, ఇండియం ఎవరి దగ్గర ఉన్నది అని అడిగేవారిలో ఆ సరుకును కంటితో చూసినవారు బహు కొద్దిమంది. 2023 మే నెలలో స్వీడన్‌లోని ఉప్సలా నగరపు ఎవోలార్ అనే చిన్న సంస్థను అమెరికాకు చెందిన ఫస్ట్ సోలార్ కొన్నది. ముందుగా చెల్లించినది 3 కోట్ల 80 లక్షల డాలర్లు. ఇటువంటి బేరాలను చూసి లోహం నిల్వ వేయడం తొందరపాటని మా అభిప్రాయం.

ఫస్ట్ సోలార్ కూడా ఒకనాటి చిన్న కంపెనీయే. ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో గాజు పరిశ్రమలో తలపండిన హెరాల్డ్ మెక్‌మాస్టర్ 1990లో సోలార్ సెల్స్ అన్న పేరుతో దానిని పెట్టాడు. 1999లో చేతులు మారి ఇప్పటి పేరు వచ్చింది. గాజు పలక మీద కాడ్మియం టెల్లూరైడ్ పొర పరచడం దాని విద్య. 2024 జనవరిలో తమిళనాడులో 3.3 గిగావాట్ల ఫ్యాక్టరీ ప్రారంభమైంది. పొరుగునే ఫ్యాక్టరీ వచ్చిన తరువాత మన వర్తకులకు ఆశ పుట్టడం సహజమే.

ఇక లెక్క చూద్దాం. ఆ పొర మందం సుమారు 3 మైక్రాన్లు. అంటే తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. చదరపు మీటరుకు పట్టే టెల్లూరియం 9 గ్రాములు. గిగావాట్‌కు 50 టన్నుల ప్రాంతం. ప్రపంచంలో ఏడాదికి శుద్ధి అయ్యే టెల్లూరియం వెయ్యి టన్నుల అటూ ఇటూ గనుక ఇది తక్కువ గిరాకీ ఏమీ కాదు. చిక్కు గిరాకీలో లేదు, కొనేవాడిలో ఉన్నది. ఈ పరిశ్రమలో భారీగా కొనేది దాదాపు ఒక్క కంపెనీయే. అది బజారుకు వచ్చి బేరమాడదు. శుద్ధి చేసేవారితో ముందుగానే దీర్ఘకాలపు ఒప్పందాలు రాసుకుంటుంది. పాత ఫలకాలను పగులగొట్టి 90 శాతానికి పైగా పదార్థాన్ని తిరిగి రాబట్టుకుంటుంది. పైగా దాని ఇంజనీర్లు పొరను 3 మైక్రాన్ల నుంచి 2కు దించగలిగితే గిరాకీలో మూడో వంతు ఎగిరిపోతుంది. ఆ కబురు స్టాకిస్టుకు ముందుగా ఎవరూ చెప్పరు.

సరఫరా సంగతి మరీ విచిత్రం. రాగిని విద్యుత్తుతో శుద్ధి చేసేటప్పుడు తొట్టి అడుగున దిగే బురదలో ఈ లోహం దొరుకుతుంది. తవుడుకు ధర వచ్చిందని మిల్లు యజమాని అదనంగా వడ్లు ఆడించడు కదా, అలాగే టెల్లూరియం కోసం ఎవరూ రాగి తవ్వరు. కనుక ధర ఒక్కసారిగా లేస్తుంది. అయితే ఇన్నాళ్లూ ఆ తవుడును పారబోసిన మిల్లులు కూడా ఉన్నాయి. 2022లో రియో టింటో కంపెనీ అమెరికాలోని ఉటా రాగి శుద్ధి కర్మాగారంలో సుమారు 30 లక్షల డాలర్లతో ఏడాదికి 20 టన్నులు తీసే ఏర్పాటు చేసింది. ధర నిలిస్తే ఇటువంటివి మరికొన్ని లేస్తాయి.

2011లో కిలో సగటున 350 డాలర్లు పలికిన టెల్లూరియం 2016 నాటికి 40 డాలర్లకు దిగువన పడింది. ఆ అయిదేళ్లలో సౌరవిద్యుత్తు తగ్గిందా అంటే లేదు, ఎన్నో రెట్లు పెరిగింది.

ఇండియం కథ ఇంకా చేదు. టీవీ తెరలకూ, మరో రకం పలుచని పొర ఫలకాలకూ పనికివచ్చే ఈ లోహాన్ని చైనాలోని కున్‌మింగ్ నగరంలో ఫాన్యా ఎక్స్ఛేంజి 3,600 టన్నుల దాకా గోదాములలో పేర్చింది. అది ప్రపంచపు నాలుగేళ్ల ఉత్పత్తికి పైమాటే. 2015లో చెల్లింపులు ఆగిపోయాయి. రెండు లక్షల మందికి పైగా మదుపుదార్ల డబ్బు, 4 వేల కోట్ల యువాన్లకు పైగా, చిక్కుకున్నది. అంత సరుకు తలమీద వేలాడుతుంటే ఏ బజారు మాత్రం నిలుస్తుంది?

ఎవోలార్ పనిచేస్తున్న పెరోవ్‌స్కైట్ పొరలో టెల్లూరియం ఉండదు. సీసం, అయోడిన్ ఉంటాయి. అర మైక్రాన్ పొరకు చదరపు మీటరుకు ఒక గ్రాము పైచిలుకు అయోడిన్ చాలు. ఏటా 30 వేల టన్నులకు పైగా తయారయ్యే అయోడిన్‌కు ఇది చిటికెడు. రేపు ఎవరైనా అయోడిన్ నిల్వ వేయమని సలహా ఇస్తే ఈ అంకె గుర్తుంచుకోవాలి.

ధరను నిజంగా కదిలించిన సంగతి వేరు. శుద్ధి చేసిన టెల్లూరియంలో సగానికి పైగా చైనాదే. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం టెల్లూరియం, ఇండియంలతో పాటు మరికొన్ని లోహాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. దానితో బయటి దేశాలలో సరుకు బిగిసింది. కాని ఒక్క ఉత్తర్వుతో వచ్చిన ధర మరొక్క ఉత్తర్వుతో పోవచ్చు. కొనేవారి నుంచి రాతపూర్వకమైన ఒప్పందం చేతిలో లేనిదే కొత్త లాట్లు తీసుకోరాదు. పాత లాట్లు ఉన్నవారు ధర బలంగా ఉన్నప్పుడే కనీసం సగం సరుకు వదిలించుకొనడం మేలు.