డీజిల్ ధరల తేడాతో పికప్‌లకు పెద్ద ట్యాంకులు
సరిహద్దు మండలాల్లో లాభమెంత... ముప్పెంత?

పలమనేరు: కర్ణాటక, తమిళనాడులను ఆనుకుని ఉన్న చిత్తూరు జిల్లా పశ్చిమ మండలాల్లో పికప్ యజమానుల నోట తరచుగా వినిపిస్తున్న మాట పెద్ద ట్యాంకు. కంపెనీ ఇచ్చిన డీజిల్ ట్యాంకు స్థానంలో పెద్దది బిగించుకున్నా, ఛాసిస్‌కు రెండో వైపున మరొకటి అమర్చుకున్నా, నంగిలి దాటాక కర్ణాటక బంకుల్లో ఒకేసారి నింపుకుని రావచ్చునన్నది వారి ఆలోచన. టమోటా, కూరగాయలు, పాల రవాణాపై ఆధారపడి నెలవారీ వాయిదాలు కట్టుకునే వారికి లీటరుపై మిగిలే ప్రతి రూపాయీ విలువైనదే. అందువల్ల ఈ ఆలోచనను అత్యాశగా కొట్టిపారేయలేము.

ఈ తేడాకు మూలం పన్నుల్లో ఉంది. డీజిల్ జీఎస్టీ పరిధిలో లేదు. ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. 2021 నవంబరులో కేంద్రం డీజిల్‌పై ఎక్సైజ్ సుంకాన్ని లీటరుకు రూ.10 తగ్గించగా, కర్ణాటక తన వంతుగా మరో రూ.7 తగ్గించింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 22.25 శాతం వ్యాట్, దానిపై లీటరుకు రూ.4, రహదారి అభివృద్ధి సుంకం రూపాయి యథాతథంగా కొనసాగాయి. ఫలితంగా 2024 జూన్ వరకు సరిహద్దుకు అటూ ఇటూ లీటరుకు సుమారు పది రూపాయల వ్యత్యాసం ఉండేది. ఆ నెలలో కర్ణాటక పన్నును 18.44 శాతానికి, 2025 ఏప్రిల్‌లో 21.17 శాతానికి పెంచడంతో అది సుమారు ఆరు రూపాయలకు తగ్గింది. పెద్ద ట్యాంకు లెక్కలు వేసేవారిలో పలువురు ఇంకా పాత పది రూపాయలనే మనసులో ఉంచుకుంటున్నారు!

లెక్క చూస్తే...

పలమనేరు నుంచి చెన్నై కోయంబేడు మార్కెట్‌కు రానుపోను సుమారు 400 కిలోమీటర్లు. లోడుతో లీటరుకు 12 కిలోమీటర్లు వస్తుందనుకున్నా 33 లీటర్లు చాలు. అరవై లీటర్ల దాకా పట్టే కంపెనీ ట్యాంకు దీనికి ధారాళంగా సరిపోతుంది. పైగా తమిళనాడులోనూ ధర మనకంటే తక్కువే. అంటే రోజూ సరిహద్దు దాటే వాహనానికి పెద్ద ట్యాంకుతో పనే లేదు. తిరుపతి, కడప వైపు తిరుగుతూ వారానికోసారి మాత్రమే కర్ణాటక వెళ్లేవారికే దాని ప్రయోజనం. అదనంగా అరవై లీటర్లు నింపుకుంటే, ఆరు రూపాయల చొప్పున వారానికి రూ.360, ఏడాదికి పద్దెనిమిది వేల పైచిలుకు మిగులుతుంది. ట్యాంకు తయారీ, బిగింపు ఖర్చులను ఇందులోంచే తీసివేయాలి. కేవలం డీజిల్ కోసమే సరిహద్దు దాకా ఖాళీ బండి తోలుకుపోతే ఆ మిగులూ దారిలోనే ఆవిరైపోతుంది.

బరువు సంగతీ ఉంది. అరవై లీటర్ల డీజిల్ సుమారు 50 కిలోలు. ట్యాంకు, క్లాంపులతో కలిపితే 70 కిలోలకు చేరుతుంది. అంటే పదిహేను కిలోల టమోటా పెట్టెలు నాలుగైదు తగ్గించుకోవాలి. తగ్గించకపోతే అధిక లోడు కేసే. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద దానికి జరిమానా రూ.20 వేలు, అదనపు టన్నుకు మరో రూ.2 వేలు.

రేకు తెచ్చే చిక్కులు

వర్క్‌షాపుల్లో తేలికగా దొరికే జింకు పూత రేకుతో ట్యాంకు చేయించడం అన్నింటికంటే పెద్ద పొరపాటు. డీజిల్‌తో జింకు చర్య జరిపి జిగురు వంటి పదార్థం ఏర్పడుతుంది. అది ఫిల్టర్లను దాటి ఇంజెక్టర్లకు పట్టేస్తుంది. కామన్ రైల్ ఇంజిన్లకు వెల్డింగ్ తుక్కు, తుప్పు రేణువు కూడా ప్రమాదకరమే. హైప్రెజర్ పంపు ఒక్కసారి దెబ్బతింటే ఏళ్ల తరబడి చేసిన పొదుపు ఒక్క బిల్లులో పోతుంది. రెండు ట్యాంకులు పెట్టేవారు మరో విషయం మరచిపోతుంటారు. ఇంజిన్ వాడుకోగా మిగిలిన డీజిల్ వేడెక్కి రిటర్న్ గొట్టం ద్వారా వెనక్కి వస్తుంది. ఒక ట్యాంకు నుంచి తీసుకుని మరొకదానిలోకి వదిలితే ఆ రెండోది నిండి పొర్లుతుంది. లోపల అడ్డు పలకలు లేకుంటే, మొగిలి ఘాట్ మలుపుల్లో డీజిల్ అటూ ఇటూ ఊగి బండి అదుపునే దెబ్బతీస్తుంది. గాలి రంధ్రం మూసుకుపోతే నడిరోడ్డుపై ఇంజిన్ ఆగిపోతుంది.

చట్టం ఏమంటోంది?

తయారీదారు నిర్దేశించిన, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పునకు రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ఎనిమిదేళ్లలోపు రవాణా వాహనానికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. ఆ రోజుకు ట్యాంకు ఊడదీసి, మర్నాడు మళ్లీ బిగించుకోవచ్చునన్న ధీమా కొందరిది. ప్రమాదం జరిగితే సర్వేయరు బండి కింద చూడకుండా పోడు. బీమా కంపెనీకి క్లెయిమ్ నిరాకరించే సాకు దొరుకుతుంది.

తనిఖీలు, జరిమానాలు డ్రైవర్లకే పరిమితమైతే సమస్య సగమే కదులుతుంది. పక్క రాష్ట్రం బంకులో పోసే ప్రతి లీటరుతో మన ఖజానాకు రావాల్సిన పన్ను పోతోంది, సరిహద్దుకు ఇవతలి బంకుల వ్యాపారమూ పడిపోతోంది. పన్ను తగ్గిస్తే ఎంత పోతుందో లెక్కించే అధికారులు, తగ్గించనందువల్ల సరిహద్దు జిల్లాల్లో ఎంత పోతోందో కూడా లెక్కించి ప్రజల ముందుంచాలి.

ఈలోగా పెద్ద ట్యాంకు తప్పదనుకునేవారు తమ మోడల్‌కు కంపెనీయే అలాంటిది ఇస్తోందో లేదో డీలరును అడగాలి. రవాణా శాఖ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అనుమతి కోరాలి. పాత ట్యాంకును కోసి పెద్దది చేయించే పని మాత్రం పెట్టుకోరాదు. ఖాళీగా కనిపించే ట్యాంకులో మిగిలిన డీజిల్ ఆవిరి వెల్డింగ్ వేడికి పేలుతుంది.